నడుము ఎంత వంగుతుంది, ఎక్కడ ఆగుతుంది: ఇంట్లోనే కొలుచుకునే పద్ధతి

నడుం పట్టేసిందని ఎవరైనా అనడం ఆలస్యం, పక్కనున్న నలుగురూ ఒకటే మందు చెబుతారు: "వంగి కాలి వేళ్లు పట్టుకో, నాలుగు రోజుల్లో అదే సాగుద్ది." కావలిలో టీ కొట్ల దగ్గర నుంచి ఒంగోలులో జిమ్ముల దాకా ఇదే సలహా. వంగనివ్వకుండా ఆపుతున్నది ఏంటో చూడకుండా సాగదీస్తే ఏమవుతుందంటే, ఆపేది తొడ వెనక కండరమైతే ఆ లాగుడంతా నడుము మీద పడుతుంది, ఆపేది ఎముకైతే ఏడాదిపాటు సాగదీసినా అంగుళం కూడా రాదు, ఆపేది నరమైతే నడుములో ఉన్న నొప్పి కాస్తా పిక్క దాకా దిగుతుంది. కాబట్టి ముందు కొలుద్దాం, ఆపుతున్నది ఏదో పట్టుకుందాం, వ్యాయామం సంగతి తర్వాత.

సామాను పెద్దగా అక్కర్లేదు. టైలర్లు వాడే గుడ్డ టేపు, ఒక బాల్‌పెన్ను, గట్టి కుర్చీ, చాప, నాలుగడుగుల కర్ర. కొండపి, టంగుటూరు వైపు వాళ్లకు పొగాకు కట్టే కర్ర ఇంట్లోనే దొరుకుతుంది, మిగతావాళ్లకు మాపు కర్ర చాలు. ఇంకో మనిషి మాత్రం తప్పదు, మీ వీపు మీద మీరే గుర్తు పెట్టుకోలేరు కదా.

ముందు ఒక జాగ్రత్త. మూత్రం రావడం కష్టమవుతున్నా, మలమూత్రాల మీద అదుపు తప్పుతున్నా, తొడల మధ్య, కూర్చునే చోట అంతా మొద్దుబారినట్టున్నా, నడుస్తుంటే పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా కింద చెప్పినవేవీ చేయకండి. అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి, రాత్రయినా సరే. ఈ మధ్య బండి మీద నుంచి పడ్డవాళ్లు, నడుం నొప్పితో పాటు జ్వరం ఉన్నవాళ్లు, కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నవాళ్లు, ఒకప్పుడు క్యాన్సర్ వచ్చినవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టరుకు చూపించుకున్నాకే ఇటు రండి.

లోపల ఏముందో కొంచెం

నడుములో వెన్నుపూసలు 5. వాటి కింద త్రికాస్థి, అంటే ఐదు పూసలు అతుక్కుపోయి ఒకే ఎముకగా మారినది, తుంటి ఎముకల మధ్య బిగించి ఉంటుంది. ప్రతి రెండు పూసల మధ్యా ముందు వైపు ఒక డిస్కు, వెనక వైపు కుడి ఎడమల్లో రెండు చిన్న కీళ్లు. ఈ చిన్న కీళ్లను ఫాసెట్ జాయింట్లు అంటారు. ఎమ్మారై రిపోర్టుల్లో ఈ మాట కనిపించగానే కంగారు పడేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ అది జబ్బు పేరు కాదు, కీలు పేరు. డిస్కు నడుమ మెత్తటి గుజ్జు ఉంటుంది, దాని చుట్టూ పొరలు పొరలుగా గట్టి నారలు. ఒక పొరలో నారలు ఏటవాలుగా ఒక పక్కకు ఉంటే తర్వాతి పొరలో రెండో పక్కకు ఉంటాయి.

నడుము ఎటు కదలాలో తేల్చేది ఎక్కువగా ఆ ఫాసెట్ జాయింట్లే. నడుము భాగంలో వాటి పలకలు దాదాపు ముందు నుంచి వెనక్కి నిలబెట్టినట్టు ఉంటాయి. బల్ల సొరుగు గాడిలో ముందుకీ వెనక్కీ హాయిగా జరుగుతుంది, పక్కకు తిప్పబోతే గోడకు కొట్టుకుని ఆగిపోతుంది, ఇదీ అంతే. అందుకే నడుము ఒక్కటే ముందుకు సుమారు 40 నుంచి 60 డిగ్రీల దాకా వంగుతుంది, వెనక్కి 15 నుంచి 25 దాకా వాలుతుంది, పక్కలకు ఒక్కో వైపు 20 అటూ ఇటూగా ఒరుగుతుంది. తిరగడం దగ్గరికి వచ్చేసరికి ఐదు పూసలూ కలిసినా ఒక్కో వైపు 5 నుంచి 10 డిగ్రీలే. పుస్తకాన్ని బట్టి, కొలిచిన పద్ధతిని బట్టి ఈ అంకెలు కాస్త మారతాయి, వయసుతో పాటు తగ్గుతాయి, కానీ తిరుగుడు చాలా తక్కువన్న మాట మాత్రం ఏ పుస్తకంలోనైనా ఉంటుంది.

ఇంకో సంగతి. ముందుకు వంగడంలో పెద్ద వాటా అన్నిటికంటే కింద ఉన్న రెండు కీళ్లదే, అంటే నాలుగు ఐదు పూసల మధ్య ఉన్నదీ, ఐదో పూసకూ త్రికాస్థికీ మధ్య ఉన్నదీ. డిస్కు జారిందని వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఈ రెండు చోట్లవే కావడం కాకతాళీయం కాదు.

గుర్తులు పెట్టి, వంగి, కొలవండి

చొక్కా తీసి, లేదా జాకెట్టు కొంచెం పైకి జరిపి, చీర కుచ్చిళ్లు కిందికి దించి నిటారుగా నిలబడండి. పిరుదులకు కొంచెం పైన, నడుము కింది భాగంలో రెండు పక్కలా చిన్న గుంటలు కనిపిస్తాయి. ఒళ్లున్నవాళ్లకు గుంటలు కనిపించకపోతే తుంటి ఎముక అంచు పట్టుకుని వెనక్కి వేళ్లు జరుపుకుంటూ రండి, గట్టిగా బొడిపెలా తగిలేచోట ఆగండి. ఆ రెండు గుంటల్నీ కలుపుతూ ఒక అడ్డగీత ఊహించుకుని, వెన్నెముక మీద ఆ గీత పడేచోట పెన్నుతో ఒక చుక్క. అక్కడి నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్లు పైన ఒక చుక్క, 5 సెంటీమీటర్లు కింద ఒక చుక్క. పై చుక్కకూ కింది చుక్కకూ మధ్య 15.

ఇప్పుడు మోకాళ్లు వంచకుండా వంగగలిగినంత వంగండి. ఊపు వద్దు, మెల్లగా. రెండో మనిషి టేపు చర్మానికి ఆనించి పై చుక్క నుంచి కింది చుక్కకు మళ్లీ కొలవాలి. 15 ఉన్నది 20 లేదా అంతకు మించి వస్తే నడుము ముందుకు వంగడం బాగానే ఉన్నట్టు. 20 కంటే తక్కువ వస్తే తగ్గినట్టు. దీన్ని షోబర్ పరీక్ష అంటారు, కీళ్లవాతం డాక్టర్లు ఇప్పటికీ టేపుతో చేసే పరీక్షే, కాకపోతే మీరు ఇంట్లో చేసుకున్నది డాక్టరు చేసినంత కచ్చితంగా రాదు, ఒక సెంటీమీటరు తేడాకి టెన్షన్ పడకండి.

టేపు తీసేముందు ఇంకోటి కూడా చూసి రాసుకోండి: వేళ్ల కొసలు నేలకు ఎంత దూరంలో ఆగాయి, లాగుడు ఎక్కడ తెలిసింది. నడుములోనా, తొడ వెనకా, మోకాలి వెనకా, పిక్కలోనా? అసలు విషయం బయటపడేది ఈ జవాబులోనే.

తర్వాత కుర్చీ. అంచున కూర్చోండి, కింది చుక్క కుర్చీకి తగలకూడదు. పాదాలు నేల మీద, మోకాళ్లు ఎడంగా పెట్టి ఛాతీని తొడల మధ్యకు దించండి. మళ్లీ టేపు. మోకాళ్లు మడిచి ఉన్నాయి కాబట్టి తొడ వెనక కండరాలు వదులవుతాయి, ఇక వాటి మీద నెపం పెట్టడం కుదరదు.

నిలబడి వంగినప్పుడు వేళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోయినా టేపు మాత్రం 20 దాటిందా? మీ నడుములో ఏ లోపమూ లేదు, తుంటి దగ్గర మడవకుండా పట్టేస్తున్నది తొడ వెనక కండరాలు. అలాంటివాళ్లు కాలి వేళ్లు అందుకోవాలని పట్టుబడితే ఇప్పటికే బాగా సాగుతున్న నడుమే ఇంకా సాగుతుంది, పట్టేసిన కండరం పట్టేసినట్టే ఉంటుంది. రోజంతా కూర్చుని పనిచేసేవాళ్లలో, హైవే మీద లారీలు తోలేవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. నిలబడితే 20 రాక, కుర్చీలో వచ్చిందా? కండరాలు భయంతో బిగుసుకుంటున్నాయి, లేదా కాలి వెనక ఏదో లాగుతోంది. రెండింట్లోనూ రాలేదంటే నడుమే బిరుసెక్కిందన్నమాట. వీళ్ల సంగతి చివర్లో చెబుతా, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దానికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది.

వంగుతుంటే ఆపేది ఎవరు

వంగడం మొదలుపెట్టినప్పుడు వీపు కండరాలే మిమ్మల్ని పట్టుకుని మెల్లగా కిందికి దించుతాయి. చిత్రం ఏంటంటే, పూర్తిగా వంగేసరికి నడుము దగ్గర అవి దాదాపు పని మానేస్తాయి. 1950ల్లో ఇంగ్లండులో ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు కండరాల్లోని విద్యుత్తును కొలిచి ఈ సంగతి నమోదు చేశారు. కండరాలు ఊరుకున్నాక బరువు మోసేది ఫాసెట్ కీళ్ల చుట్టూ ఉండే సంచి లాంటి పొర, డిస్కు వెనక భాగంలోని నారలు, పూసల వెనక పొడుచుకొచ్చే ముళ్లను కలిపే లిగమెంట్లు (ఎముకను ఎముకకు కట్టే గట్టి నార పట్టీలు), ఇంకా లోపల పసుపు రంగులో ఉండే సాగే లిగమెంటు. చివరి అంచున మనల్ని ఆపేది ఇవన్నీ కలిసి. అందులో ఎక్కువ వాటా కీళ్ల పొరలది, తర్వాత డిస్కుది.

కోవూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు నాట్ల రోజుల్లో చూడండి. ఆడవాళ్లు మోకాళ్లు చాపి, నడుము దగ్గర రెండుగా మడిచినట్టు వంగి, ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చేత్తో నాటుకుంటూ వెనక్కి వెనక్కి జరుగుతుంటారు. గంటల తరబడి ఆ భంగిమలో వాళ్లు ఆనుకున్నది కండరాల మీద కాదు, లిగమెంట్ల మీద. అందుకే "అలుపు తెలియదు, లేచేటప్పుడే ప్రాణం పోద్ది" అంటారు. అలా ఎక్కువసేపు లాగి పట్టి ఉంచితే లిగమెంట్లు, డిస్కు నారలు కొద్దికొద్దిగా సాగుతాయి, నిలబడ్డ వెంటనే మామూలు స్థితికి రావు. ఇరవై నిమిషాలు పూర్తిగా వంగి ఉన్నాక చూస్తే, సాగినదాంట్లో సగం సర్దుకోవడానికే రెండు నిమిషాలు పడుతుంది, అరగంట తర్వాత కూడా ఇంకొంచెం మిగిలే ఉంటుంది. ఆ వదులుగా ఉన్న సమయంలో గబుక్కున ఏదైనా బరువెత్తితే నడుం కలుక్కుమంటుంది.

కాబట్టి నాట్లకో, కలుపుకో, పొగాకు అడుగాకు కొట్టడానికో వెళ్లేవాళ్లు చేయాల్సింది: సాలు చివరకు వచ్చిన ప్రతిసారీ నిటారుగా నిలబడి రెండు అరచేతులూ పిరుదుల పైభాగంలో పెట్టుకుని నాలుగైదు సార్లు మెల్లగా వెనక్కి వాలండి. వంగినంతసేపూ కుదిరినప్పుడల్లా ఒక మోచేతిని తొడ మీద ఆనించండి, పైశరీరం బరువులో కొంత చేతి మీదుగా కాలికి దిగిపోతుంది. గట్టు మీదికి వచ్చీ రాగానే నారు మోపు ఎత్తకండి, ఆ పని ఇంకొకరికి అప్పజెప్పండి, లేదా కాసేపు అటూ ఇటూ నడిచి, నీళ్లు తాగి ఎత్తండి. మేస్త్రీ తిడితే తిట్టనీయండి.

కాలు ఎత్తి చూడండి

చాప మీద వెల్లకిలా పడుకోండి. ఒక కాలు నేల మీద చాపి ఉంచి, రెండో కాలు మోకాలు వంచకుండా రెండో మనిషి మడమ పట్టుకుని మెల్లగా ఎత్తాలి. మీరు ఎత్తకూడదు, కాలు వదిలేయాలి. 70 డిగ్రీలు దాటితే బాగున్నట్టే. అంతకంటే ముందే ఆగి, లాగుడు తొడ వెనక మాత్రమే ఉంటే అది కండరం. అలా కాకుండా 30, 40 డిగ్రీల దగ్గరే మోకాలు దాటి పిక్కలోకో పాదంలోకో కరెంటు కొట్టినట్టు జివ్వుమని, ఆ ఎత్తులోనే పాదాన్ని ముఖం వైపు వంచితే ఇంకా ఎక్కువైతే అది నరం. సయాటికా అని అందరూ అనేది సాధారణంగా ఇదే. నరాన్ని సాగదీసి వదులు చేయడం అనేది లేదు, ఎంత లాగితే అంత ఎదురు తిరుగుతుంది. ఇక్కడ ఆపి ఫిజియో దగ్గరికో ఆర్థో దగ్గరికో వెళ్లండి.

కండరమని తేలినవాళ్లు అలాగే పడుకుని, పాదానికి తువ్వాలు చుట్టి రెండు కొసలూ పట్టుకుని, లాగుడు తెలిసే దాకా కాలు ఎత్తి అరనిమిషం ఉంచండి. ఒక్కో కాలికి రెండు మూడు సార్లు. ఈ పద్ధతిలో వీపు మొత్తం నేలకు ఆనుకుని ఉంటుంది కాబట్టి నడుము మధ్యలో దూరి వంగేసే వీలుండదు. ఒక వారంలో తేడా కనిపించాలని చూడకండి, నెలా రెండు నెలల పని ఇది.

వెనక్కి, పక్కలకు

వెనక్కి వాలడం ఆగేది వేరేలా. ముందు వైపు పూసలన్నిటి మీదుగా పైనుంచి కిందికి ఒక వెడల్పాటి గట్టి లిగమెంటు ఉంటుంది, వాలేటప్పుడు అదీ, డిస్కు ముందు నారలూ బిగుసుకుంటాయి. వెనక ఫాసెట్ కీళ్లు ఒకదానికొకటి నొక్కుకుంటాయి, పూసల ముళ్లు దగ్గరకొచ్చి కొందరిలో తగులుకుంటాయి కూడా. అంటే చివర్లో ఆపేది చాలావరకు ఎముకే. గట్టిగా కొట్టుకున్నట్టు ఆగితే అక్కడితో సరి, ఇంకా తోయడానికి ఏమీ లేదు.

నిలబడి, మోకాళ్లు నిటారుగా ఉంచి, చేతులు పిరుదుల మీద పెట్టుకుని వాలి చూడండి. నడుము మధ్యలో కొంచెం నొక్కినట్టుంటే మామూలే. వయసు అరవై దాటినవాళ్లకు వాలగానే కాళ్లలోకి బరువు, తిమ్మిరి దిగితే మాత్రం అక్కడే ఆపేయండి. వెనక్కి వాలినప్పుడు నరాలు వెళ్లే దారి ఇరుకవుతుంది, ముందుకు వంగితే వెడల్పవుతుంది. వయసుతో ఆ దారి ముందే ఇరుకైపోయిన పెద్దాయన సైకిలు తోసుకుంటూ అయితే ఊరంతా తిరిగొస్తాడు, చేతులూపుకుంటూ నడవమంటే వీధి చివర ఏ అరుగు మీదో కూలబడతాడు. ఇంట్లోవాళ్లు "నాటకాలు" అనుకుంటారు గానీ కాదు, హ్యాండిల్ మీద వంగడం వల్ల నరాలకు చోటు దొరుకుతోంది. అలాంటి వాళ్లకు వెనక్కి వాలే వ్యాయామాలు చెప్పకండి.

సెలవుల్లో రోజంతా ఫాస్ట్ బౌలింగ్ వేసే కుర్రాళ్లకు ఒంటి కాలి మీద నిలబడి వెనక్కి వాలితే ఒకవైపు నొప్పి వస్తుంటే దాన్నీ తేలిగ్గా తీసుకోవద్దు. వాలడం, పక్కకు ఒరగడం, తిరగడం మూడూ ఒకేసారి బలంగా చేయడం వల్ల పూస వెనక భాగంలో సన్నటి పగులు రావచ్చు.

పక్కలకు ఒరగడం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. గోడకు వీపు ఆనించి నిలబడి అరచేతిని తొడ పక్కగా కిందికి జార్చండి, వేలి కొస ఎక్కడ ఆగిందో రెండు వైపులా చూసుకోండి. ఒకవైపుకీ రెండో వైపుకీ బాగా తేడా ఉంటేనే ఆలోచించాలి. ఆపేది ఎదుటి పక్క ఉన్న కండరాలు, లిగమెంట్లు. అన్నిటికంటే కింద మాత్రం ఐదో పూసను తుంటి ఎముకకు కట్టేసే బలమైన లిగమెంటు ఒకటి ఉంది, అది ఆ పూసను పక్కకు పెద్దగా కదలనివ్వదు.

తిరగడం: ఇక్కడే అందరూ పొరపడేది

వీపు లేని స్టూలు మీద కూర్చుని మోకాళ్ల మధ్య దిండు పెట్టి నొక్కి పట్టుకోండి, తుంటి కదలకుండా ఉంటుంది. చేతులు ఛాతీ మీద మడిచి కుడికి తిరగండి. రెండో మనిషి ఒక బొటనవేలు నడుము కింది పూస ముల్లు మీద, ఇంకో బొటనవేలు భుజాల రెక్కల మధ్య ముల్లు మీద పెట్టి ఉంచాలి. పై వేలు చక్కగా పక్కకు జరుగుతుంది, కింది వేలు ఉన్నచోటే ఉంటుంది. ఛాతీ వెనక భాగం ఒక్కో వైపు 30 డిగ్రీలు పైగా తిరగగలదు, నడుముకు ఆ స్తోమతు లేదు. నడుము తిరిగితే అవతలి వైపు ఫాసెట్ కీలు వెంటనే ఎముకకు ఎముక ఆని ఆపేస్తుంది. డిస్కులో కూడా ఒక పక్కకు వాలి ఉన్న నారలే బిగుసుకుంటాయి, రెండో పక్కవి వదులవుతాయి, అంటే సగం బలమే పనికొస్తుంది.

అందుకని, యూట్యూబ్ చూసి ఒక కాలు అవతలికి వేసి నడుము "టక్" మనిపించుకునేవాళ్లకు చెప్పేది, ఆ శబ్దం కీలులో గాలి బుడగ వల్ల వచ్చేదే, ఏ ఎముకా సర్దుకున్నట్టు కాదు. హాయిగా అనిపిస్తే అప్పుడప్పుడూ పోనీలే అనుకోవచ్చు, దానికోసం బలం పెట్టి తిప్పడం మాత్రం అనవసరం. పిల్లల్ని వీపెక్కి తొక్కమనడం గురించి నేనేమీ అనను, మా ఇంట్లోనూ ఉన్న అలవాటే.

అసలు ప్రమాదం వంగి తిరగడంలో ఉంది. వంగినప్పుడు ఫాసెట్ పలకలు కొంచెం ఎడమవుతాయి, తిరుగుడును ఆపే అడ్డు బలహీనపడుతుంది, డిస్కు వెనక నారలు అప్పటికే బిగిసి ఉంటాయి, ఆపైన బరువు. రొయ్యల గుంట గట్టు మీద మేత బస్తా నేల నుంచి ఎత్తి అదే ఊపులో పక్కనున్న పడవలోకి విసరడం, పొదలకూరు యార్డులో నిమ్మకాయల బస్తా ఆటోలోకి వేయడం, ఇంట్లో నీళ్ల బిందె ఎత్తి గట్టు మీద పెట్టడం, అన్నీ ఇదే బాపతు. చేయాల్సిన మార్పు చిన్నదే: ఎత్తి, నిటారై, పాదాలు తిప్పి, అప్పుడు దించండి. బొడ్డూ పాదాల కొసలూ ఒకేవైపు చూస్తున్నాయా అని చూసుకుంటే చాలు. ఆ ఒక్క అడుగు వేయడానికి బద్ధకించే దగ్గరే చాలా నడుములు పట్టేస్తాయి.

కర్రతో తుంటి దగ్గర మడవడం నేర్చుకోండి

కర్రను వీపు వెనక నిలువుగా పట్టుకోండి, ఒక చెయ్యి మెడ వెనక, ఒక చెయ్యి నడుము వెనక. కర్ర మూడు చోట్ల తగలాలి: తల వెనక, భుజాల మధ్య, త్రికాస్థి మీద. పాదాలు భుజాలంత ఎడం. మోకాళ్లు కొంచెం సడలించి పిరుదుల్ని వెనకున్న గోడను తాకించబోతున్నట్టు వెనక్కి తోయండి. పైశరీరం దానంతటదే ముందుకు వాలుతుంది. మూడు చోట్లలో ఏదో ఒకటి కర్రను వదిలేసిన క్షణాన ఆగండి. తుంటి ఇచ్చేది అక్కడిదాకే, ఆ తర్వాత వంగేదంతా నడుము వంతు. మొదట్లో కొంచెం వంగేసరికే కర్ర వదిలేస్తుంది, అప్పుడు మోకాళ్లు ఇంకొంచెం వంచి చూడండి, తొడ వెనక కండరాలు వదులై ఇంకాస్త దిగగలుగుతారు. గోడకు అడుగు దూరంలో నిలబడి మొదలుపెడితే తేలిగ్గా వస్తుంది.

రోజూ పది సార్లు చేసి వదిలేస్తే లాభం లేదు. గ్యాస్ బండ జరిపేటప్పుడు, వాషింగ్ మెషీన్లో బట్టలు తీసేటప్పుడు, పసిబిడ్డను ఉయ్యాల్లోంచి ఎత్తేటప్పుడు ఇదే వాడాలి.

అలాగని నడుం వంచడమే తప్పన్నట్టు, చెప్పు కింద పడితే కూడా బిర్రబిగుసుకుని తీసుకునేవాళ్లు ఉంటారు, అదీ అతిగా చేయడమే. నడుము వంగడానికే ఉంది. తేలికైన వస్తువుకు హాయిగా గుండ్రంగా వంగండి. బరువు, ఎక్కువసేపు, మెలిక, ఈ మూడింట్లో ఏదైనా ఉన్నప్పుడే తుంటికి పని చెప్పండి.

పొద్దున్నే మాత్రం ఆగండి

రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున లేచేసరికి మనిషి సాయంత్రం కంటే సెంటీమీటరున్నర, రెండు సెంటీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉంటాడు, ఆ ఎత్తులో సగానికి పైగా లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. ఉబ్బిన డిస్కు బిగుతుగా ఉంటుంది, నడుము కొన్ని డిగ్రీలు తక్కువ వంగుతుంది, అదే వంపుకు డిస్కు మీద, లిగమెంట్ల మీద లాగుడు మామూలు కంటే చాలా ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు మన ఇళ్లలో ఆడవాళ్లు ఆ గంటలో చేసేదేంటో గుర్తు తెచ్చుకోండి. లేచీ లేవగానే వాకిలి ఊడ్వడం, కళ్ళాపి, ముగ్గు. మోకాళ్లు చాపి నడుము పూర్తిగా వంచి, పిండి జారవిడుస్తూ గీత వెంట పక్కకు తిరుగుతూ. సంక్రాంతి నెలలో అయితే ఇది అరగంట. నడుం నొప్పి ఉన్నవాళ్లు కాఫీ, పొయ్యి, పిల్లల డబ్బాలు ముందు కానిచ్చి ముగ్గు వెనక్కి జరపండి, ఎనిమిదింటికి వేసినా లక్ష్మీదేవి ఏమీ అనుకోదు. జరపడం కుదరకపోతే ఒక పాదం ముందుకు వేసి, ఆ మోకాలు వంచి, ఎడమ చెయ్యి ఆ తొడ మీద ఆనించి వేయండి, గీత మారేటప్పుడు నడుము తిప్పకుండా పాదాలు జరపండి. మగవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, పొద్దున్నే పాలు పితికేవాళ్లకు, లేవగానే జిమ్ముకెళ్లి సిట్‌అప్స్ తీసేవాళ్లకు.

కుర్చీలో కూడా 20 రానివాళ్లకు

రెండు పరీక్షల్లోనూ టేపు పెరగక, వెనక్కి, పక్కలకు కూడా తక్కువే ఉంటే, అంటే అన్ని వైపులా బిగుసుకుపోయి ఉంటే, రెండు విషయాలు ఆలోచించాలి. వయసు నలభై ఐదు లోపే మొదలై, పొద్దున్నే అరగంటకు పైగా బిరుసుగా ఉండి, పడుకుంటే ఎక్కువై, అటూ ఇటూ నడిస్తే తగ్గే నొప్పి అయితే వెన్ను కీళ్లవాతం కావచ్చు, రుమటాలజిస్టుకు చూపించాలి. నొప్పి మాత్రలతో ఏళ్లు నెట్టుకొచ్చే కుర్రాళ్లు చివరకు పూసలు అతుక్కున్నాక వస్తుంటారు, అది మానాలి.

రెండోది నీళ్లు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును, మొదట గుర్తించి వైద్య పత్రికల్లో రాసింది ఇక్కడి మనుషుల గురించే, 1937లో. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. మనుషుల కంటే ముందే ఎడ్లు కీళ్లు పట్టేసి నడవలేకపోవడం రైతులు గమనించారని చెబుతారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్నచోట ఏళ్ల తరబడి తాగితే అది ఎముకలో చేరుతుంది, పైన చెప్పుకున్న లిగమెంట్లలో సున్నంలా పేరుకుంటుంది. సాగాల్సినవి ఎముకలాగా గట్టిపడతాయి. వీపు పలకబారి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వస్తుంది, ముదిరితే నరాలు నొక్కుకుని కాళ్లలో బలం పోతుంది.

ఇలాంటి నడుమును సాగదీయకూడదు, ఎవరితోనూ విరిపించుకోకూడదు. వెన్ను ఎక్స్‌రే తీయించండి, ఇంట్లో తాగే నీటిని పరీక్షకు పంపండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికీ వంటకూ వాడొద్దు, ఫ్లోరైడ్ లేని నీళ్లకు మారండి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లో ఒకరికి నడుము ఇలా ఉందంటే పిల్లల పళ్లు కూడా చూడండి, సుద్ద రంగు మచ్చలో, పసుపు గోధుమ రంగు చారలో కనిపిస్తే వాళ్లూ అవే నీళ్లు తాగుతున్నారని అర్థం.

మిగతావాళ్లు, తువ్వాలు, కర్ర పని మొదలుపెట్టినవాళ్లు, ఆరు వారాలకు మళ్లీ కొలవండి. మొదటిసారి సాయంత్రం కొలిచి ఉంటే ఈసారీ సాయంత్రమే కొలవాలి, పొద్దున కొలిస్తే డిస్కుల ఉబ్బు వల్ల తక్కువ చూపించి నిరాశపడతారు. చుక్కలు పెట్టిన మనిషి కూడా మారకపోతే మంచిది.